కార్టిసాల్, ఏసీటీహెచ్ శాంపిల్ గుణుపురం నుంచి వైజాగ్ చేరేలోపు ఎక్కడ చెడుతోంది?

గుణుపురం_కలెక్షన్:

నమస్కారం అండి. ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో చిన్న కలెక్షన్ సెంటర్ మాది. షుగర్, సీబీసీ, క్రియాటినిన్ వరకు ఇక్కడే చేస్తాం. ఎలక్ట్రోలైట్లు (సోడియం, పొటాషియం), హార్మోన్లు బస్సులో వైజాగ్ ల్యాబ్‌కి వెళ్తాయి. థైరాయిడ్ శాంపిళ్లతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈమధ్య పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి), అడ్రినల్ (మూత్రపిండాల మీద ఉండే గ్రంథి) టెస్టులు రాస్తున్నారు. అడ్రినల్ చేసే హార్మోను కార్టిసాల్, దాన్ని చెయ్యమని పిట్యూటరీ పంపే హార్మోను ఏసీటీహెచ్. వాటి రిపోర్టులే ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తున్నాయి.

తాజా కేసు చెప్తాను. ఆవిడకి 52 ఏళ్లు. చివరి కాన్పులో రక్తం బాగా పోయిందట. పాలు పడలేదు, ఆ తర్వాత నెలసరీ రాలేదు. ఇప్పుడు విపరీతమైన నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు వాడుతున్నారు.

రక్తం తీసింది పగలు 11:40కి. ఒక ప్లెయిన్ ట్యూబు, ఒక ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ఉప్పు) ట్యూబు. రెండూ అలాగే ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం 4 గంటల బస్సుకి జెల్ ప్యాక్‌తో పంపాం. రాత్రి 9 తర్వాత అక్కడ సెంట్రిఫ్యూజ్ చేశారు (వేగంగా తిప్పి కణాలని వేరు చేశారు). రిపోర్టు ఇదీ:

సోడియం 124, పొటాషియం 6.3, కార్టిసాల్ 4.2 మైక్రోగ్రాములు డెసిలీటరుకి, ఏసీటీహెచ్ 6 పికోగ్రాములు మిల్లీలీటరుకి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే పిట్యూటరీ హార్మోను) 2.4, ఎఫ్‌టీ4 (థైరాయిడ్ చేసే హార్మోను) 0.5, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలని నడిపే పిట్యూటరీ హార్మోను) 2.8, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే పిట్యూటరీ హార్మోను) 1.6.

ఇంత ఎక్కువ పొటాషియం చూస్తే అడ్రినల్ గ్రంథే పోయినట్టుంది, ఇంత తక్కువ ఏసీటీహెచ్ చూస్తే పిట్యూటరీ పోయినట్టుంది, రెండూ ఎలా కుదురుతాయి అని డాక్టరుగారు మళ్లీ తియ్యమన్నారు. ఈసారి తప్పు జరగకూడదు. ఏ ట్యూబు, ఎన్ని గంటలకి, ఎలా పంపాలి? మా దగ్గర కోల్డ్ సెంట్రిఫ్యూజ్ లేదు, మామూలుదే ఉంది.

---

బయోకెమ్_విశాఖ:

గుణుపురం గారూ, అన్ని వివరాలూ గంటలతో సహా రాశారు కాబట్టి జవాబు సులువైంది.

ముందు పొటాషియం. ఆ 6.3 ఆవిడ ఒంట్లోది కాకపోవచ్చు, మీ ఫ్రిజ్‌లో పుట్టినదై ఉంటుంది. ఎర్ర రక్తకణం లోపల పొటాషియం బయటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని లోపలే పట్టి ఉంచే పంపు చల్లదనానికి మందగిస్తుంది. వేరు చెయ్యని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే గంటగంటకీ పొటాషియం సీరంలోకి (కణాలు పోగా మిగిలే ద్రవంలోకి) కారుతూనే ఉంటుంది. రక్తకణాలు పగలవు కాబట్టి సీరం ఎర్రబడదు. అందుకే హీమోలైసిస్ అని ల్యాబ్ వాళ్లు గుర్తుపట్టలేరు. మీ శాంపిల్ తొమ్మిది గంటలకి పైగా అలా ఉంది. ఎలక్ట్రోలైట్లకి రక్తం గడ్డకట్టే అరగంట గది వేడిలో ఉంచి, గంట లోపల తిప్పి, సీరం వేరే ట్యూబులోకి తీశాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. సోడియం ఇలా మారదు, ఆ 124ని నిజమనే తీసుకోండి.

ఇంకో రెండు చోట్ల కూడా పొటాషియం దొంగలెక్క చూపిస్తుంది. కట్టు బిగించి పిడికిలి పదేపదే మూసి తెరవమంటే పెరుగుతుంది. ఈడీటీఏ ట్యూబు ముందు నింపి, అదే సూదితో ప్లెయిన్ ట్యూబు నింపినా పెరుగుతుంది, ఎందుకంటే ఆ ట్యూబులో ఉన్నదే పొటాషియం ఉప్పు. పొటాషియం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ కలిసి కనిపిస్తే ఈడీటీఏ కలిసిందనే అనుమానించాలి. కాబట్టి ప్లెయిన్ ముందు, ఊదారంగు తర్వాత.

ఇక ఏసీటీహెచ్. ఇది 39 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. రక్తంలో ఉన్న ఎంజైములే దాన్ని కొరుక్కు తింటాయి, వేడి తగిలితే ఇంకా వేగంగా. గాజు గోడకి అతుక్కునే గుణం కూడా ఉంది. అందుకని పద్ధతి ఇలా ఉండాలి:

3 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ఈడీటీఏ ట్యూబులు రెండు తీసుకుని, రక్తం తీసే పది నిమిషాల ముందే మంచునీళ్లలో నిలబెట్టండి. ఉత్త ఐసు ముక్కలు సరిపోవు, ముక్కల మధ్య గాలి ఉంటుంది. చితక్కొట్టిన ఐసులో నీళ్లు పోసి జావలా చెయ్యాలి, అప్పుడే ట్యూబు చుట్టూ సమానంగా చల్లదనం తగులుతుంది. రక్తం గీత వరకు నింపి, ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేసి, అదే జావలో రక్తం మట్టం వరకు మునిగేలా పెట్టండి. గట్టిగా ఊపొద్దు. కణాలు పగిలితే వాటి ఎంజైములు ఏసీటీహెచ్‌ని ఇంకా త్వరగా విరిచేస్తాయి.

అరగంట లోపల సెంట్రిఫ్యూజ్. కోల్డ్ మెషీన్ లేకపోతే మీ మామూలు మెషీన్‌లోంచి ఊడదీయగలిగే బకెట్లని ముందుగా అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే ట్యూబులు వేసి 3000 ఆర్‌పీఎం మీద పది నిమిషాలు తిప్పండి. అసలుదానంత మంచిది కాదు కానీ, ఎండాకాలంలో మోటారు వేడెక్కి లోపల నలభై డిగ్రీలు దాటే దానికన్నా ఎంతో నయం. పైన తేలిన ప్లాస్మాని కణాల పొరకి అర సెంటీమీటరు పైన ఆపేసి తియ్యండి. కొసరుకి ఆశపడి తెల్లపొరని తాకితే మళ్లీ కణాలు వచ్చేస్తాయి. మిల్లీలీటరు చొప్పున రెండు ప్లాస్టిక్ గొట్టాల్లో పోసి వెంటనే మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి.

రవాణా దగ్గరే మీకు అసలు చిక్కు. గడ్డకట్టిన ప్లాస్మా గడ్డగానే వైజాగ్ చేరాలి. డ్రై ఐస్ ఉంటే థర్మాకోల్ పెట్టెలో పంపండి, మూతని గాలి చొరకుండా టేపుతో బిగించకండి, లోపల గ్యాసు పెరిగి పెట్టె పగులుతుంది. జెల్ ప్యాకులతోనే పంపాలంటే రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టినవి నాలుగు వైపులా, పైనా కిందా సర్దాలి. ఒక జెల్ ప్యాకు పక్కన పడేసి పంపితే పార్వతీపురం దాటకముందే కరిగిపోతుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఏసీటీహెచ్ శాంపిల్‌కి విలువ లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డ్రై ఐస్ దొరకనప్పుడు ఏసీటీహెచ్ కోసం ట్యూబుని పంపొద్దు, మనిషినే పంపండి. ఉదయం 8కి వైజాగ్‌లోనో బరంపురంలోనో పెద్ద ల్యాబులోనే రక్తం ఇచ్చేలా ఏర్పాటు చెయ్యండి. మిగతావన్నీ మీరే తియ్యొచ్చు. సీరం వేరు చేసి ఫ్రిజ్‌లో పెట్టాక కార్టిసాల్ రెండు రోజులైనా చెక్కు చెదరదు. టీఎస్‌హెచ్, ఎఫ్‌టీ4, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ కూడా అంతే.

---

గుణుపురం_కలెక్షన్:

చాలా ఉపయోగపడింది సార్. అయితే ఆ 6 వచ్చిన ఏసీటీహెచ్‌ని పూర్తిగా కొట్టిపారెయ్యాలా? కార్టిసాల్ 4.2 మాత్రం నమ్మొచ్చు కదా?

---

ఎండో_బరంపురం:

4.2 అంకె నిజమే కావచ్చు, దాని అర్థమే తేలదు. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి ఉదయం 8 ప్రాంతానికి ఎత్తులో ఉంటుంది, మధ్యాహ్నానికి దాదాపు సగానికి దిగుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. మన దగ్గరున్న హద్దులన్నీ ఉదయం 8–9 గంటల శాంపిల్‌కి కట్టినవి. ఆ సమయంలో 3 కన్నా తక్కువైతే లోపం ఉన్నట్టే, 15 దాటితే లోపం లేనట్టే అనుకుంటాం. మధ్యలో వస్తే స్టిమ్యులేషన్ టెస్టు (సూదిమందుతో అడ్రినల్‌ని ప్రేరేపించి చూసేది) కావాలి. 11:40కి తీసిన 4.2ని ఈ కొలబద్ద మీద పెట్టకూడదు. రిపోర్టులో యూనిట్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి. ఒక మైక్రోగ్రాము అంటే సుమారు 27.6 నానోమోల్స్, కాబట్టి 3 అంటే దాదాపు 83, 15 అంటే దాదాపు 414. నానోమోల్స్‌లో 110 అని చూసి చాలా ఎక్కువ అనుకునేవాళ్లు ఉన్నారు, అది 4 మాత్రమే.

ఏసీటీహెచ్ 6 రావడానికి మీ కేసులో మూడు దారులున్నాయి. కాన్పులో రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతినడం ఒకటి. ఆర్‌ఎంపీ పొట్లాల్లో స్టెరాయిడ్ (కార్టిసాల్ లాంటి మందు) ఉండి పిట్యూటరీ అణిగిపోవడం రెండు. ట్యూబులోనే హార్మోను విరిగిపోవడం మూడు. మూడింటికీ అంకె ఒక్కటే. అదే తిరగేసి చూడండి: అడ్రినల్ గ్రంథే పాడైతే, మన దగ్గర దానికి టీబీ ఒక పెద్ద కారణం, ఏసీటీహెచ్ నార్మల్ పైహద్దుకి రెండింతలు దాటి ఉంటుంది. ఎక్కువ వచ్చిన ఏసీటీహెచ్‌ని రవాణా పుట్టించలేదు, అది నమ్మదగినదే. తక్కువ వచ్చినదాన్నే అనుమానించాలి.

ఇప్పుడు ఆ రిపోర్టులో చెడకుండా మిగిలిన అంకెలే కథ చెబుతున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 52 ఏళ్ల వయసు, నెలసరి లేదు. అండాశయాలు ఆగిన వయసులో ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి, తరచు 40 పైన ఉండాలి. ఆవిడకి 2.8. ఆ వయసులో ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉండడమే పిట్యూటరీ పని చెయ్యడం లేదనడానికి గట్టి సాక్ష్యం. ఎఫ్‌టీ4 0.5కి పడిపోయింది, ఆరోగ్యంగా ఉన్న పిట్యూటరీ అయితే టీఎస్‌హెచ్‌ని 20, 40, ఇంకా పైకి తోసేది. అది 2.4 దగ్గరే కూర్చుంది. ప్రొలాక్టిన్ 1.6, పాలు పడకపోవడానికి అదే కారణం. 1937లో షీహాన్ అనే డాక్టరు వర్ణించిన జబ్బు ఇది. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బి ఉంటుంది, కాన్పులో రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే దానికి రక్తం అందక చచ్చుబడుతుంది. లక్షణాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా బయటపడతాయి.

థైరాయిడ్ ప్యాకేజీ అని టీఎస్‌హెచ్ ఒక్కటే చేసి 2.4 నార్మల్ అని పంపేస్తే ఈ జబ్బు ఎన్నటికీ దొరకదు. పిట్యూటరీ అనుమానం ఉంటే ఎఫ్‌టీ4 లేకుండా టీఎస్‌హెచ్ చదవకండి.

ఈ రిపోర్టు చూసి ఎవరైనా ముందు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర రాసేస్తారేమోనని నా భయం. కార్టిసాల్ లోపం ఉండగా థైరాక్సిన్ ఇస్తే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి అడ్రినల్ క్రైసిస్ వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. హైడ్రోకార్టిసోన్ (మందుగా ఇచ్చే కార్టిసాల్) మొదలయ్యాకే థైరాక్సిన్. మీరు రిపోర్టు అందించేటప్పుడు ఈ మాట డాక్టరుగారి చెవిన వేస్తే తప్పులేదు.

ఇంకొకటి. సోడియం 124 తేలిక విషయం కాదు. ఆవిడకి వాంతులు, బీపీ 90 లోపు, మగత, షుగర్ పడిపోవడం ఏది కనిపించినా టెస్టు సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. అక్కడ కార్టిసాల్‌కి ఒక ట్యూబు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి, సెలైన్ మొదటి గంటలో దాదాపు ఒక లీటరు ఇస్తారు. అర్ధరాత్రి తీసిన శాంపిల్ అయినా ఫరవాలేదు. అంత అపాయంలో ఉన్న మనిషికి కార్టిసాల్ ఎంతో పైకి ఎగబాకి ఉండాలి. తక్కువ వస్తే అదే జవాబు.

---

నర్సు_పర్లాకిమిడి:

ట్యూబుల కన్నా ముందు మందుల సంగతి తేల్చుకోండి తమ్ముడూ. మన సరిహద్దు ఊళ్లలో నొప్పుల పొట్లాలంటే సగం చోట్ల డెక్సామెథాసోనో, బీటామెథాసోనో, ప్రెడ్నిసోలోనో కలిసే ఉంటుంది. స్టెరాయిడ్ వాడుతున్నారా అని అడిగితే లేదంటారు, ఆ పేరు వాళ్లకి తెలియదు. ఇలా అడగండి: ఏ మాత్ర వేసుకుంటే పొద్దున్నే నొప్పులు మాయమై ఆకలి బాగా వేస్తోంది? మానేస్తే రెండు రోజుల్లో ఒళ్లు కూలిపోతోందా? ముఖం ఉబ్బిందా? ఇంట్లో ఉన్న పొట్లాలు, ఖాళీ స్ట్రిప్పులు, చర్మానికి రాసే ట్యూబులు అన్నీ సంచిలో వేసి తెమ్మనండి. తామర అని నెలల తరబడి రాసే క్లోబెటసాల్ క్రీము, ఆస్తమా ఇన్‌హేలరు, మోకాలి కీల్లో వేసిన సూది కూడా ఇందులోకే వస్తాయి.

ఇవి రెండు రకాలుగా రిపోర్టుని తిప్పేస్తాయి. ప్రెడ్నిసోలోన్‌ని చాలా మెషీన్లు కార్టిసాల్‌గా పొరబడి అంకెని పెంచి చూపిస్తాయి, హైడ్రోకార్టిసోన్ అయితే అచ్చంగా కార్టిసాలే. డెక్సామెథాసోన్‌ని మెషీన్ దాదాపు గుర్తించదు కానీ అది ఒంట్లో తయారీని ఆపేస్తుంది కాబట్టి అంకె అడుగంటుతుంది. అందుకే రోజూ ప్రెడ్నిసోలోన్ వాడేవాళ్లకి కార్టిసాల్ చూడాలంటే చివరి మాత్రకీ రక్తానికీ మధ్య 24 గంటలు ఉండి, ఆ ఉదయం మాత్ర వేసుకోకముందే తీస్తారు. కానీ టెస్టు ఉందని మాత్ర మానెయ్యమని మనం చెప్పకూడదు. అది రాసిన డాక్టరే చెప్పాలి, నెలల తరబడి వాడిన మనిషి ఒక్కసారి ఆపితే కుప్పకూలిపోతాడు.

గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రోజన్ వాడే ఆడవాళ్లలో కార్టిసాల్‌ని మోసుకెళ్లే ప్రొటీన్ పెరిగి మొత్తం అంకె ఉత్తినే పెరుగుతుంది. ఆపితే మామూలవడానికి ఆరు వారాలు పడుతుంది. జుట్టుకి వేసుకునే బయోటిన్ 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు కూడా అడగండి. కొన్ని మెషీన్లలో బయోటిన్ వల్ల కార్టిసాల్, ఎఫ్‌టీ4 ఎక్కువగానూ, టీఎస్‌హెచ్, ఏసీటీహెచ్, ప్రొలాక్టిన్ తక్కువగానూ వస్తాయి. మూడు రోజులు ఆపి తీస్తే సరిపోతుంది.

ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చిన వాళ్లని గ్యాస్ మాత్రల గురించి తప్పకుండా అడగండి. పాంటాప్రజోల్‌తో కలిపి వచ్చే డోంపెరిడోన్, రాబెప్రజోల్‌తో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్ రెండూ ప్రొలాక్టిన్‌ని వందల్లోకి తీసుకెళ్లగలవు. వాటిని చూడకుండా తల ఎంఆర్‌ఐకి వైజాగ్ పరుగెత్తించి డబ్బు ఖర్చు పెట్టిస్తున్నారు, అది చూస్తుంటే కష్టంగా ఉంటుంది.

పాము కాటు కూడా అడగండి. రక్తపింజర కాటుకి బతికి బయటపడ్డ వాళ్లలో కొందరికి పిట్యూటరీ దెబ్బతింటుంది, అదీ ఏళ్ల తర్వాత తెలుస్తుంది. పొలంలో పనిచేసే మగవాడికి గడ్డం తగ్గి, నీరసంగా ఉండి, సోడియం తక్కువైతే ఆ ప్రశ్న అడగడం మర్చిపోకండి.

---

రాయగడ_ఫార్మా:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గరికి దీనికి తిరగబడ్డ కేసులు వస్తున్నాయి, స్టెరాయిడ్ ఎక్కువైందేమో చూడమని 1 మిల్లీగ్రాము డెక్సా (డెక్సామెథాసోన్) టెస్టు రాసిన చీటీలు. మా దగ్గరున్నవి 0.5 మాత్రలు. ఒకతను రెండు మాత్రలు పొద్దున్నే వేసుకుని 10 గంటలకి రక్తం ఇచ్చేశాడు. కార్టిసాల్ 11 వచ్చింది, కుషింగ్ (కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బు) అన్నారు. ఇది సరైనదేనా? అతను పేపర్ మిల్లులో నైట్ షిఫ్ట్, టీబీ మందులు కూడా వాడుతున్నాడు.

---

ఎండో_బరంపురం:

ఆ టెస్టు చెల్లదండి. రెండు 0.5 మాత్రలు కలిపి 1 మిల్లీగ్రాము, అంతవరకు సరే. వేసుకోవాల్సింది రాత్రి 11–12 మధ్య. రక్తం మర్నాడు ఉదయం 8–9 మధ్య. మామూలు మనిషిలో ఆ మాత్ర తెల్లవారుజామున రావాల్సిన ఏసీటీహెచ్‌ని అణిచేసి కార్టిసాల్‌ని 1.8 మైక్రోగ్రాముల లోపలికి తెస్తుంది. పొద్దున వేసుకుంటే అప్పటికే పెరిగిపోయిన కార్టిసాల్‌ని రెండు మూడు గంటల్లో కిందికి లాగలేదు.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే సరైన వేళకి వేసుకున్నా టెస్టు పనికిరాదు. కాలేయం డెక్సామెథాసోన్‌ని చాలా వేగంగా ఖర్చు చేసేస్తుంది, అణిచివేత జరగదు, లేని కుషింగ్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కూడా ఇదే పని చేస్తాయి. నైట్ షిఫ్ట్ మనిషికైతే ఒంట్లో గడియారమే వేరు. రాత్రులు పనిచేసి పగలు పడుకునేవాళ్లకి ఉదయం 8 అనే మాటకి అర్థం లేదు. రెండు వారాలు పగటి డ్యూటీకి మారాక చెయ్యడం మంచిది. ఇతనికి టీబీ కోర్సు అయ్యేదాకా ఆగలేకపోతే 24 గంటల మూత్రంలో ఫ్రీ కార్టిసాల్ లాంటి వేరే దారి చూడమని అతని డాక్టరుకి చెప్పండి.

రిఫాంపిసిన్ గురించే ఇంకో మాట, ఇది ఫార్మసీలో మీకు పనికొస్తుంది. హైడ్రోకార్టిసోన్ వాడుతున్న అడ్రినల్ రోగికి టీబీ వచ్చి రిఫాంపిసిన్ మొదలుపెడితే హైడ్రోకార్టిసోన్ కూడా వేగంగా ఖర్చయిపోతుంది, డోసు పెంచాల్సి ఉంటుంది. రెండు చీటీలూ మీ కౌంటరు మీద కలిసి కనిపిస్తే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

---

గుణుపురం_కలెక్షన్:

ఆవిడ మందుల సంచి తెప్పించాం. పొట్లాల్లో ఉన్నవి పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఇంకా ఒక చిన్న తెల్ల మాత్ర, పేరు లేదు. డాక్టరుగారు అది స్టెరాయిడేనని అనుకుంటున్నారు, తగిన ఏర్పాటు చూసి తానే మార్పిస్తానన్నారు. మళ్లీ శాంపిల్ ఎప్పుడు, స్టిమ్యులేషన్ టెస్టు ఇక్కడ కుదురుతుందా?

---

ఎండో_బరంపురం:

స్టిమ్యులేషన్ టెస్టు చెయ్యడం కష్టం కాదు, మందు దొరకడమే కష్టం. టెట్రాకోసాక్టైడ్ (ఏసీటీహెచ్ లాంటి మందు) 250 మైక్రోగ్రాములు నరానికో కండకో ఇచ్చి, 0, 30, 60 నిమిషాలకి కార్టిసాల్ చూస్తాం. పాత పద్ధతి మెషీన్లలో 18 దాటాలి, కొత్త మెషీన్లు కార్టిసాల్‌ని తక్కువగా కొలుస్తాయి కాబట్టి 14–15 దాటినా చాలు. అందుకే ల్యాబుని మెషీన్ పేరు అడిగి రాసుకోండి. చాలా చోట్ల ఆ మందు బదులు దీర్ఘకాలం పనిచేసే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ కండకి ఇచ్చి గంటకి చూస్తున్నారు, అదీ వైద్య కళాశాల ఆసుపత్రిలోనే చేయించడం మంచిది. ఈవిడకి జబ్బు పాతది కాబట్టి అడ్రినల్ ఈపాటికి ఎండిపోయి ఉంటుంది, టెస్టు సరిగ్గానే చెబుతుంది. పిట్యూటరీ ఆపరేషన్ అయిన మొదటి నాలుగు వారాల్లో మాత్రం ఇది నమ్మొద్దు, అడ్రినల్ ఇంకా బలంగా ఉండి తప్పుగా నార్మల్ చూపిస్తుంది.

ఆ తెల్ల మాత్ర స్టెరాయిడ్ అయినా, కాకపోయినా, ఆవిడకి షీహాన్ ఉన్నా, లేకపోయినా, ఈరోజు చికిత్స ఒకటే. అందుకే ఏసీటీహెచ్ కోసం చికిత్సని ఆపొద్దు. ఆపకుండా మీరు చెయ్యగలిగింది ఒకటుంది: హైడ్రోకార్టిసోన్ మొదటి డోసు ఇవ్వకముందు ఉదయం 8కి ఒక ప్లెయిన్ ట్యూబు తీసి, సీరం వేరు చేసి దాచుకోండి. ఒకసారి మందు మొదలయ్యాక ఆ రక్తం మళ్లీ దొరకదు.

---

బయోకెమ్_విశాఖ:

ఒక్క జాగ్రత్త చెప్పి ఆపుతాను. అన్నిటినీ ఐసులో పెట్టాలన్న అలవాటు చేసుకోకండి. బీపీ రోగికి ఆల్డోస్టెరోన్, రెనిన్ (ఒంట్లో ఉప్పుని, బీపీని అదుపు చేసేవి) రాస్తారు చూడండి, అక్కడ నియమం తలకిందులు. ప్లాస్మాలో నిద్రాణంగా ఉన్న ప్రొరెనిన్ చల్లదనం తగిలితే రెనిన్‌గా మేల్కొంటుంది, రెనిన్ ఉత్తినే పెరిగి, ఉన్న జబ్బు దాగిపోతుంది. ఆ ట్యూబుని గది వేడిలోనే ఉంచి, అక్కడే తిప్పి, ప్లాస్మా తీసి ఒకేసారి గడ్డకట్టించాలి. రోగి పొద్దున లేచి కనీసం రెండు గంటలు తిరిగాక, పది నిమిషాలు కూర్చోబెట్టి తియ్యాలి. స్పిరనోలాక్టోన్ (ఒక బీపీ మందు) వాడుతుంటే ఆ మాట చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ప్లాస్మా మెటానెఫ్రిన్‌కి (అడ్రినల్ గడ్డ అనుమానం ఉంటే చేసే టెస్టు) మళ్లీ ఐసు కావాలి, పైగా రోగి అరగంట వెల్లకిలా పడుకుని ఉండాలి, సూది గుచ్చింది కూడా ఆ అరగంట ముందే అయితే మేలు. మిగతా అడ్రినల్ హార్మోన్లలో డీహెచ్‌ఈఏఎస్‌కి వేళ పట్టింపు లేదు. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ మాత్రం నెలసరి మొదలైన రెండో రోజు నుంచి అయిదో రోజు లోపల, ఉదయం 8కి.

ట్యూబు మీద పేరు, వయసుతో పాటు రక్తం తీసిన గంట, నిమిషం, ప్లాస్మా వేరు చేసిన గంట, చివరి స్టెరాయిడ్ ఏ రోజు ఏ వేళ వేసుకున్నారో రాసి పంపండి. ఆ మూడూ లేకుండా వచ్చిన కార్టిసాల్‌కి మేము ఇచ్చేది అంకె మాత్రమే.